ఎర్రమిట్ట పేర్ల పట్టీ

తిరుపతి,
12 ఆగస్టు 1946

సౌభాగ్యవతి దేవకి వదినకు పంకజాక్షి నమస్కరించి రాయునది.

నేను క్షేమం. నువ్వూ మా గోవిందన్నా క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం ముందు నువ్వే చదువు. అన్న చేతికి పోతే వీధి వీధంతా వినిపిస్తాడు.

వదినా, నాకు ఉద్యోగం మారింది. మద్రాసు యూనివర్సిటీ వాళ్ళు తిరుపతిలో గ్రామ వ్యవహారాల పాఠశాల అని కొత్తగా తెరిచినారు. పంచాయితీ నడపడం, సహకార సంఘం పెట్టడం, తాగునీళ్ళు, బాటలు, పురుళ్ళు, ఇట్లా పల్లెకు కావలసినవన్నీ అక్కడ పాఠాలు. గదిలో కూర్చుని చదివితే చాలదని, చుట్టుపక్కల పల్లెలకు పోయి ఇల్లిల్లూ అడిగి రాసుకురావాలని నియమం. ఆడవాళ్ళ సంగతులు చూసేదానికి ఒక పంతులమ్మ కావలసి వచ్చి, మద్రాసు బళ్ళలో ముప్పై ఏండ్లు పనిచేసినదాన్నని నన్ను తీసుకున్నారు. యాభై దగ్గర పడినాక మళ్ళీ కొత్త పలక పట్టుకున్నట్టుంది.

ఈ ఏడు మూడు పల్లెలు చూస్తాము. అందులో ఎక్కువ అవసరమున్న ఊరికి మంచినీళ్ళ బావి తవ్విస్తారు. రాయీ సున్నమూ పాఠశాల ఇస్తుంది, ఇంటికొక మనిషి పది దినాలు పనికి రావాలి. మూడో ఊరి పేరు వినగానే నువ్వు గుర్తుకొచ్చినావు. మీ తాతగారి ఎర్రమిట్ట. చిన్నప్పుడు ఆ ఊరికి పోతే ఏటి ఇసకలో చెలమ తోడి ఒక్క కడవ నింపేదానికి పూటంతా పట్టేది. ఇప్పటికీ అంతేనంట. ఆ ఊరికి బావి కావాలని నువ్వు మూడు అర్జీలు రాసినావని అన్న చెప్పినాడు. ఆ ఊరి ఆడవాళ్ళు అర్జీలు రాయించుకునేదానికి చిత్తూరికి వస్తే నీ అరుగు మీదే కదా కూర్చునేది. వాళ్ళను ఎట్లా అడగాలో, ఏమి అడిగితే ముడుచుకుంటారో నాకు రాయి. మద్రాసులో ఉండి ఉండి నాకు మన పల్లె పద్ధతులు సగం తెలియకుండా పోయినాయి.

నీ మరదలు
పంకజాక్షి

చిత్తూరు,
27 ఆగస్టు 1946

చిరంజీవి పంకజాక్షికి దేవకమ్మ దీవించి రాయునది.

స్వామి దయవల్ల అందరం క్షేమం. నీ ఉత్తరం నేనే ముందు చదవాలని రాసినావు. తపాలా మనిషి మీ అన్న చేతికే ఇచ్చినాడు. పక్కనున్న రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ అరుగు మీద కూర్చోబెట్టుకొని ఇప్పటికి నాలుగుసార్లు చదివినారు. మొదటిసారి ‘మా చెల్లెలు పంతులమ్మ’ అన్నారు. నాలుగోసారికి ‘ప్రొఫెసరమ్మ’ అయినావు. కాఫీలు ఇస్తూ నాలుగుసార్లూ నేను విన్నాను.

చాలా సంతోషం. మనం ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని చదివినాము. లెక్కల్లో నాకే నీకంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చేవి. నీకు గుర్తుందో లేదో. ఎవరికి ఏది ఇవ్వాలో స్వామికి తెలుసు, నేను అడగబోను.

మొన్న ఎర్రమిట్ట నుంచి భారతమ్మ వచ్చింది. రేషను కార్డు అర్జీ రాయించుకొని, పోతా పోతా, “తిరపతి నుంచి సదువుకున్నోళ్ళు వస్తారంట కదమ్మా. ఇంక మీకు ఈ రాత పని తప్పినట్టే” అనింది. మంచి మనసుతోనే అనింది. ఇరవై రెండేండ్లుగా రాస్తున్నానే అని నేను అనలేదు. మజ్జిగ ఇచ్చి పంపినాను.

సలహా అడిగినావు. నేను అరుగు మీద కూర్చునే మనిషిని, నాకేం తెలుసు. గొడుగు పట్టుకొని పో, ఆ మిట్ట మీద నీడ లేదు. చెప్పులు విడవవద్దు, పల్లేరు ముళ్ళు.

ఇట్లు
దేవకమ్మ

తిరుపతి,
9 అక్టోబరు 1946

సౌభాగ్యవతి వదినకు నమస్కారములు.

రెండు పల్లెలు పూర్తయినాయి. రెండూ తిరుపతికి దగ్గరవే. పొద్దున్నే పోయినందువల్ల మగవాళ్ళు ఇళ్ళలోనే దొరికినారు, అడిగినవన్నీ చెప్పినారు. ఇంటికొక అచ్చు కాగితం. పైగడిలో ఇంటి యజమాని పేరు, తర్వాత మనుషులెందరు, గొడ్లెన్ని, నీళ్ళు ఎంత దూరం, ఇట్లా ఇరవై ప్రశ్నలు. ఒక ప్రతి దీంతో పంపుతున్నాను.

డిసెంబరులో ఎర్రమిట్ట. అక్కడ మగవాళ్ళు చాలామంది కోలారు బంగారు గనులకు పోయి ఉంటారంట. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాళ్ళ పేర్లే ఉంటాయి కాబట్టి ఈ కూలివాళ్ళ సంగతి ఆడవాళ్ళనే అడగాలి. కాగితం చూసి ఏది ఎట్లా అడగాలో రాయి వదినా. మళ్ళీ గొడుగు అని రాయవద్దు.

పెరటాసి నెల శనివారం కొండకు వచ్చి, పాఠశాల వైపు రాకుండానే వెళ్ళిపోయినావని అన్న రాసినాడు. కొంచెం కష్టమనిపించింది. జనమంతా గోవిందా గోవిందా అని ఎక్కుతుంటే, మొగుని పేరు నోట రాకూడదని నువ్వొక్కదానివే ‘ఏడుకొండలవాడా’ అంటూ ఎక్కి ఉంటావని తలచుకొని నవ్వుకున్నాను కూడా. ఇన్నేండ్లలో ఒక్కసారైనా నోరు జారలేదా?

నీ
పంకజాక్షి

చిత్తూరు,
20 నవంబరు 1946

చిరంజీవి పంకజాక్షికి దీవెనలు.

కార్తీక మాసం ఉపవాసాలతో జవాబు ఆలస్యమయింది. నా నోరు ఎప్పుడూ జారలేదు. అది నవ్వే సంగతి కాదు.

పాఠశాల వైపు రాలేదన్నావు. గేటు దాకా వచ్చినాను. కిటికీలోనుంచి నువ్వు కనపడినావు. తెల్ల చీర కట్టుకొని గదిలోకి వచ్చినావు. ముప్పైమంది మగపిల్లలు, పెద్దపెద్ద ఇళ్ళ పిల్లలు, నీ కోసం లేచి నిలబడినారు. నువ్వు కూర్చోమని చెయ్యి ఊపినావు. అది చూసి, బస్సు పోతుందేమోనని వచ్చేసినాను.

నీకేం, ఇల్లా వాకిలా. పుస్తకం మూస్తే నీ రోజు అయిపోయింది. నా అరుగు మీద అర్జీ సగంలో ఉండగానే పొయ్యి మీద చారు పొంగుతుంది, మీ అన్నకు కళ్ళద్దాలు కనపడవు. నాకు జీతం లేదు, లేచి నిలబడేవాళ్ళు లేరు.

నీ కాగితం చూసినాను. అచ్చు బాగుంది. యూనివర్సిటీ వాళ్ళు ఆలోచించి వేసిన కాగితానికి నేను చెప్పేదేముంటుంది.

దేవకమ్మ

తిరుపతి,
8 జనవరి 1947

సౌభాగ్యవతి వదినకు,

ఎర్రమిట్ట పోయి వచ్చినాము. నాకు మొదటి రోజే చలిజ్వరం పట్టుకొని ఊరి చావడిలోనే పడుకున్నాను. విద్యార్థులే ఇల్లిల్లూ తిరిగినారు. అరవై రెండు ఇళ్ళు. నలభైఒక్క కాగితాల్లో ఇంటి యజమాని గడిలో గీత ఉంది. “ఇదేమప్పా” అంటే ఒక విద్యార్థి, “ఇంటాయన పేరు అడిగితే తల వంచుకున్నారమ్మా. ముఖం చూసి మళ్ళీ అడగబుద్ధి కాలేదు” అన్నాడు. మంచి పని చేసినావన్నాను.

ఆ తల వంచుకోవడం నాకు తెలుసు వదినా. నాకు పదకొండేండ్లప్పుడు నన్ను మళ్ళీ బడిలో చేర్చేదానికి నాయన తీసుకుపోయినాడు. గుమాస్తా ‘భర్త పేరు’ అన్నాడు. నాయన ‘లేడు’ అన్నాడు. గుమాస్తా ఆ గడిలో గీత కొట్టినాడు. కాపురానికి పోకముందే అయిపోయిన పెండ్లికి ఆ గీత ఒక్కటే గుర్తు. ఇప్పుడు ఒకే ఊర్లో నలభైఒక్క గీతలు. గనులు ఎంతమందిని తిన్నాయో. జ్వరం తగ్గినాక, ఆ నలభైఒక్క ఇళ్ళకూ మగదిక్కు లేదని నాలుగు పేజీల నివేదిక రాసి పాఠశాల కమిటీ ముందు చదివినాను. చదువుతుంటే గొంతు పట్టుకుంది. అక్కడున్న పెద్దలు కూడా తలలు దించుకున్నారు.

పంకజాక్షి

చిత్తూరు,
2 ఫిబ్రవరి 1947

చిరంజీవి పంకజాక్షికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అన్న కళ్ళు తుడుచుకున్నారు. నలభైఒకటి అంటే చిన్న సంఖ్య కాదు. నివేదిక అచ్చు వేస్తే ఒక ప్రతి పంపు, ఆయన అందరికీ చూపించుకుంటారు.

జ్వరం తగ్గినాక నోటికి హితవుగా ఉంటుందని చింతతొక్కు పంపినాను. జాడీ వెనక్కి పంపు.

దేవకమ్మ

తిరుపతి,
18 మార్చి 1947

శ్రీమతి దేవకమ్మ గారికి,

పోయిన వారం నేను పాఠం చెబుతుంటే ఒక మనిషి తలుపు దగ్గరికి వచ్చి నిలబడినాడు. మోచేతుల దాకా గని దుమ్ము. “పంతులమ్మా, నా పేరు ధనంజయ. ఎర్రమిట్ట. నేను సచ్చిపోయినట్టు రాసుకుంటిరంట. సచ్చినోడు కోలారు నుంచి టిక్కెట్టు తీసుకొని వచ్చినాడు, సూసుకోండి” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయినాను. అతను నవ్వలేదు.

నా నివేదిక వల్ల జరిగింది ఇది. ఊర్లో మగవాళ్ళే లేనప్పుడు ఇంటికొక మనిషిని ఎవరు పంపుతారని, ఎర్రమిట్టను పక్కనపెట్టి బావి ఇంకో ఊరికి ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. ఆ కాగితం ఊరి మునసబుకు పోయింది. ఎండలు ముదిరి చెలమల్లో కూడా నీళ్ళు రావడం లేదంట.

ధనంజయ ఇంకొకటి చెప్పినాడు. “మా ఆడోళ్ళు మొగుని పేరు సెప్పరు, అది తెలవదా మీకు? చిత్తూరు దేవకమ్మ కాడ నేర్చుకోండి. ఆమె ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి అడగతాది. ఈమె మొగుని పేరు ఆమె సెప్తాది, ఆమె మొగుని పేరు ఈమె సెప్తాది. ఇరవై ఏండ్లుగా అర్జీలన్నీ అట్లే రాస్తా ఉండాది” అన్నాడు.

రెండుసార్లు అడిగినాను మిమ్మల్ని. గొడుగు తీసుకుపొమ్మన్నారు.

ఏప్రిల్ ఇరవైలోగా సరైన పట్టీ వస్తే మళ్ళీ చూస్తామని కమిటీ ఒప్పుకుంది. ఈ రోజు పొద్దున్నే ఎర్రమిట్టకు పోయి వస్తున్నాను. బతికున్న మొగుళ్ళను చంపిన పంతులమ్మ వచ్చిందని తలుపులు వేసుకున్నారు. వాళ్ళ తప్పు లేదు. నా తప్పే. పలకకూడని పేరు ఒకటి నాకు ఎప్పుడూ లేదు. కాపురం చేసి ఉంటే తెలిసేది. నీకేం, ఇల్లా వాకిలా అని మీరు రాసింది నిజమే.

పంకజాక్షి

చిత్తూరు,
14 ఏప్రిల్ 1947

పంకజాక్షీ,

ఈ ఉత్తరమూ, దీంతో ఉన్న కాగితాలూ మీ అన్న తనే తీసుకొచ్చి నీ చేతికి ఇస్తారు. అరుగు మీద చదవలేదు, చదవరు.

నాకు తెలుసు. ఎట్లా అడగాలని నువ్వు ఆగస్టులో రాసినప్పుడే తెలుసు. నీ అచ్చు కాగితం పైగడి చూడగానే, ఇది ఎర్రమిట్టలో నడవదని తెలుసు. ఒక్క వాక్యం రాస్తే పోయేది. ప్రొఫెసరమ్మకు నేను చెప్పేదేముందని ఊరుకున్నాను. జనవరిలో నలభైఒకటి అని చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పొయ్యి ముందు కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మీ అన్న, “ఎర్రమిట్టలో ఇంతమంది ఎప్పుడు పోయినారు, కలరా ఏమన్నా వచ్చిందా?” అని నన్ను అడిగినారు. నాకేం తెలుసన్నాను. ఆ నవ్వు సంగతి నువ్వు తెలుసుకోవాలనే రాస్తున్నాను. నువ్వు వాళ్ళ కోసం గొంతు పట్టుకొని చదివిన కాగితానికి నేను నవ్వినాను.

నీ మార్చి ఉత్తరం వచ్చినాక చాలా దినాలు దీపం పెట్టి కూడా స్వామి ముఖం చూడలేదు. చివరికి నీ ఉత్తరం మీ అన్నకు నేనే చదివి వినిపించినాను. వదలకుండా అంతా చదివినాను. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు. తర్వాత, “ఎర్రమిట్టకు బస్సు ఎన్ని గంటలకు?” అన్నారు. నేనొక్కదాన్నే పోతానన్నాను.

బుధవారం పొద్దున బొగ్గుతో నడిచే బస్సులో పోయినాను. ఆ ఊర్లో పెద్దామె కుప్పమ్మ ఇంటి పంచలో చాప వేసుకొని, ఎప్పటిలాగా ఇద్దరిద్దరిని పిలిచినాను. వచ్చినారు, కూర్చున్నారు. నోరు విప్పలేదు. భారతమ్మ ఇరవై రెండేండ్లుగా నా దగ్గర గలగలా మాట్లాడే మనిషి. అదీ అంతే. ఏమే అంటే, “పేరు సెప్పకపోతేనే సంపేసిరి. సెప్తే యాడికి పంపిస్తారో. పక్కింటామె మొగుని పేరు నేను సెప్పి, ఆయప్పకు కోలారులో ఏమన్నా అయితే ఆమె ముఖం ఎట్లా సూసేది” అనింది. ఇది ఇట్లా తిరుగుతుందని నేను అనుకోలేదు. పద్ధతి నాకు తెలుసు కదా, పోగానే పని అయిపోతుందనుకున్నాను.

కుప్పమ్మ గోడకు ఆనుకొని ఆకు నమలుతా ఉండింది. కాగితం తీసుకొని అటూ ఇటూ తిప్పి, “దీంట్లో రాసేవాళ్ళ పేరు గూడా ఉంటాదా?” అనింది.

“ఉంటుంది. అడుగున రాసినవారి పేరు, భర్త పేరు.”

“రాసినావా?”

నా పేరు రాసినానన్నాను. రెండో గడి ఎప్పుడూ మీ అన్నే నింపుతారు. సాయంత్రం ఇంటికి తీసుకుపోయి నింపిస్తాననుకున్నాను. కుప్పమ్మ నవ్వింది.

“మా మొగుళ్ళ పేర్లు మా నోట సెప్పమని వస్తివి. మీ ఆయన పేరు ఇన్నేండ్లలో మా సెవిన పడనేలేదే. నువ్వు సెప్పు ముందర. ఆ కాగితంలో మీ ఇంటాయన ఉంటే, మావాళ్ళు గూడా ఉంటారు. పంపిస్తే అందర్నీ కలిపి పంపిస్తారు.”

అందరూ నా వైపే చూస్తా ఉండినారు. ముప్పై నాలుగేండ్ల కాపురం. కలలో కూడా పలకలేదు. స్వామినే ఆ పేరుతో పిలవలేదు. నా పూజకంటే, నా వ్రతాలకంటే అదే నాకు గట్టిదనుకునేదాన్ని. చెప్పినాను పంకజాక్షీ. గోవిందయ్య అన్నాను. అని, గడిలో నా చేత్తోనే రాసినాను.

కుప్పమ్మ ఆకు ఉమ్మేసి వచ్చి, “ఓసి నీ! ఆ పేరా? దేవుని పేరే కదమ్మా. ఇన్నేండ్లూ ఆయప్పను గూడా పిలవకుండా ఎట్లుంటివి?” అనింది. ఒక్కసారిగా నవ్వినారు. నాకూ నవ్వు వచ్చింది. ఇది వేరే నవ్వు. “రాసుకో. మాయన పెంచలయ్య. ఆయన నిజంగానే పోయినాడు, పదేండ్లాయ. ఇప్పుడొచ్చి నన్నేమంటాడు” అని మొదటి పేరు కుప్పమ్మే చెప్పింది. తర్వాత ఇద్దరిద్దరు వచ్చినారు.

నీ నలభైఒక్క గీతల్లో ముప్పైఏడు గీతలకు మనుషులున్నారు. నాలుగు ఇళ్ళలో నిజంగా లేరు. ఆ నాలుగు పేర్లూ రాసినాను. పోయినవాళ్ళకు గీత కొట్టలేదు. అడుగున ఒక అర్జీ కూడా చేర్చినాను, అది వాళ్ళ మాటే. “మా మొగోళ్ళు కోలారులో భూమి తవ్వేదానికి పోయినారు. ఇంటికొక మనిషి అంటే ఆడమనిషి మనిషి కాదా? ఈ బావి మేమే తవ్వుతాము.” అరవై రెండు ఇళ్ళ వేలిముద్రలు ఉన్నాయి.

మొన్న శనివారం దీపం పెట్టి, వంటింటి తలుపు మూసుకొని, స్వామిని అందరూ పిలిచే పేరుతో పిలిచినాను. మెల్లగానే పిలిచినాను. అరుగు మీది నుంచి మీ అన్న “ఏమీ?” అని పలికినారు.

నన్ను క్షమించమని రాయడం తేలిక. అందుకని రాయను.

దేవకమ్మ

తిరుపతి,
30 మే 1947

సౌభాగ్యవతి దేవకి వదినకు పంకజాక్షి నమస్కరించి రాయునది.

జవాబు ఆలస్యం చేసినాను. కోపం పోయినాక రాద్దామని కూర్చున్నాను. పూర్తిగా పోలేదు. నీ నవ్వు మరిచిపోయినానని రాస్తే అబద్ధమవుతుంది. అయినా రాస్తున్నాను.

బావి ఎర్రమిట్టకే వచ్చింది. కమిటీలో అర్జీ నేనే చదివినాను, ఈసారి గొంతు పట్టుకోలేదు. ఇరవై రెండు అడుగులు దిగినారు. ధనంజయ, ఇంకో ఐదుగురు గంగ జాతరకు వచ్చినవాళ్ళు పలుగు పడుతున్నారు. మిగిలినదంతా ఆడవాళ్ళే. నిన్న అడుగున మన్ను తడిగా వచ్చింది. కుప్పమ్మ ఆ తడిమన్ను ఒక ముద్ద తీసి నా చేతిలో పెట్టి, “ఇదిగో నువ్వు సంపినోళ్ళ ఊరి నీళ్ళు” అనింది. తలుపులు ఇప్పుడు వేసుకోవడం లేదు.

జులైలో కొత్త విద్యార్థులు వస్తారు. వాళ్ళకు మొదటి పాఠం నువ్వు చెప్పాలని ప్రిన్సిపాలుగారు అడగమన్నారు. ఇద్దరిద్దరిని ఎట్లా కూర్చోబెట్టాలో, అది కూడా సాగనప్పుడు ఏమి చేసినావో చెబితే చాలు. నువ్వు గదిలోకి వస్తే ముప్పైమందీ లేచి నిలబడతారు. చెయ్యి ఊపితే కూర్చుంటారు. ఈసారి గేటు దగ్గర నుంచి పోవద్దు.

వదినా, ఇంకొకటి. కొండ మెట్ల మీద నువ్వు ‘ఏడుకొండలవాడా’ అంటావని నేను నవ్వినాను కదా. అది ఉత్త నవ్వు కాదు. దాచుకునేదానికి నీకు ఒక పేరుందని నాకు చిన్నప్పటి నుంచి కుళ్ళు. మా అన్న పేరు నేను రోజుకు పదిసార్లు పిలిచేదాన్ని, నువ్వు పిలవకుండానే ఆయన వచ్చేవాడు.

పట్టీ అడుగున నీ చేతిరాతలో ఆ పేరు చూసినాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి. పాఠశాల వాళ్ళు నా ఉద్యోగం ఖాయం చేస్తూ మొన్న ఒక కాగితం నింపమన్నారు. అందులోనూ భర్త పేరు గడి ఉంది. ముప్పై ఏండ్లుగా గీత కొట్టి వదిలేసేదాన్ని. నువ్వు ఆ నాలుగు ఇళ్ళకు గీత కొట్టలేదని గుర్తుకొచ్చింది. నేనూ పేరు రాసినాను.

ఆయన పేరు దొరస్వామి. ఇన్నేండ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆచారమని కాదు వదినా, ఎవరూ అడగలేదు.

నీ
పంకజాక్షి